ఫైనల్‌కి చేర్చింది అతనే

2002 జూన్ 25, సియోల్. ప్రపంచకప్ సెమీఫైనల్. 71వ నిమిషం దాకా జర్మనీకీ గోల్ లేదు, ఆతిథ్య దక్షిణ కొరియాకీ లేదు. కొరియా ఆటగాడు లీ చున్‌సూ బంతితో దూసుకొస్తుంటే జర్మనీ మిడ్‌ఫీల్డర్ మైకేల్ బలాక్ వెంటపడి కింద పడేశాడు. రిఫరీ పసుపు కార్డు చూపించాడు. అంతకుముందు మ్యాచ్‌ల్లోనే అతని ఖాతాలో ఒకటుంది. జట్టు గెలిచినా ఫైనల్లో ఇక అతనికి చోటు లేదు.

నాలుగే నిమిషాలు. బలాక్ కుడికాలితో కొట్టిన షాట్‌ను గోల్‌కీపర్ ఆపాడు. తిరిగొచ్చిన బంతిని ఎడమకాలితో వలలోకి పంపాడు. జర్మనీ 1-0తో గెలిచింది. ఐదు రోజుల తర్వాత యొకొహామాలో అతను లేని జట్టు బ్రెజిల్ చేతిలో 0-2తో ఓడింది.

అన్నీ చివరిదాకా వచ్చి...

ఆ ఏడాది బలాక్‌కి ఇదొక్కటే దెబ్బ కాదు. అతని క్లబ్ లెవర్కూసెన్ మూడు మ్యాచ్‌లు మిగిలుండగా ఐదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా ఒక్క పాయింటు తేడాతో లీగ్ టైటిల్‌ని డోర్ట్‌మండ్‌కి వదిలేసుకుంది. జర్మన్ కప్ ఫైనల్లో షాల్కే చేతిలో, గ్లాస్గోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది. 2008లో మాస్కోలో చెల్సీ తరఫున తన పెనాల్టీని గోల్ చేసినా ఛాంపియన్స్ లీగ్ మాంచెస్టర్ యునైటెడ్‌కే దక్కింది. మరుసటి నెల వియన్నాలో యూరో ఫైనల్ స్పెయిన్‌ది. 2010లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో తగిలిన గాయం ప్రపంచకప్‌నే దూరం చేసింది.

ఇంత చూశాక దురదృష్టవంతుడు అని ముద్ర వేయడం తేలిక. కానీ ఆ ముద్ర అతని ట్రోఫీలను కప్పేస్తుంది. తూర్పు జర్మనీలోని గోర్లిట్జ్‌లో 1976లో పుట్టిన బలాక్, అప్పుడే పైలీగ్‌కి ఎగబాకిన కైజర్స్‌లాటర్న్‌తో 1998లో బుండెస్‌లీగా గెలిచాడు. బయర్న్ మ్యూనిక్‌లో నాలుగు సీజన్లు ఆడి, మూడుసార్లు లీగ్‌నీ కప్‌నీ కలిపి గెలిచాడు. చెల్సీతో మూడు ఎఫ్‌ఏ కప్‌లు, 2010 ప్రీమియర్ లీగ్ అందుకున్నాడు.

అసలు లెక్క

అతని విలువ తెలియాలంటే 2001 నవంబర్‌కి వెళ్లాలి. యూరో 2000లో గ్రూప్ దశలోనే ఇంటికెళ్లిన జర్మనీ, ప్రపంచకప్ బెర్తు కోసం ఉక్రెయిన్‌తో ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. కీవ్‌లో 1-1. జర్మనీ గోల్ బలాక్‌ది. డోర్ట్‌మండ్‌లో 4-1. అందులో రెండు బలాక్‌వి. తర్వాత ప్రపంచకప్ క్వార్టర్స్‌లో అమెరికా మీద, సెమీస్‌లో కొరియా మీద పడిన ఒక్కొక్క గోలూ అతనిదే. మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతూ జాతీయ జట్టుకు 98 మ్యాచ్‌ల్లో 42 గోల్స్ చేశాడు. తలతోనూ, రెండు కాళ్లతోనూ కొట్టగలిగేవాడు.

2012లో ఆట మానేశాడు. రెండేళ్లకు జర్మనీ ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులోని లామ్, ష్వైన్‌స్టైగర్, క్లోజా అతని కెప్టెన్సీలో ఆడినవాళ్లే. బలాక్ మెడలో ఆ పతకం లేదు. కానీ 2002లో అతను లేకపోతే, జర్మనీకి ఓడిపోవడానికి ఫైనలే ఉండేది కాదు.