నది దాటితే పరదేశమే!
వందమందితో 1830లో సాగిన గ్రూప్ టూర్ కథ

అలంపురం కుర్రాళ్ళకు కర్నూలు వెళ్ళి సినిమా చూసి రావడం ఓ లెక్కా? తుంగభద్ర వంతెన దాటితే సరి! 2014 నుంచి అది ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రంలోకి వెళ్ళడం అయింది గానీ, ఇంటర్వెల్లో సమోసా తింటున్నవాడికి ఆ సంగతి గుర్తుంటుందా? టోల్‌గేటు దగ్గర బండి ఆగితే తప్ప సరిహద్దన్నది కంటికి ఆనదు.

ఇక విదేశం అంటారా, అది మనకు ముందుగా చూపించింది సినిమావాళ్ళే. 1979లో బాలచందర్‌గారు ‘అందమైన అనుభవం’ తీశారు. కమల్‌హాసన్, రజనీకాంత్, జయప్రద. ఒక పాటల ట్రూపు సింగపూర్ వెళుతుంది. చూడ్డానికి సరదాయే! కానీ అక్కడ రజనీకాంత్ సిగరెట్టును ఎగరేసి నోటితో పట్టే పందెం కాస్తాడు. గెలిస్తే కారు, ఓడితే చేతివేలు! గుంపుగా విదేశం వెళితే షికారుతోపాటు చిక్కులు కూడా వెంట వస్తాయని బాలచందర్‌గారు సరదాగానే చెప్పారు.

మన యూనిట్లన్నీ మద్రాసు నుంచి ఔట్‌డోర్‌కు బయలుదేరిన రోజులవి. ఆ మద్రాసు నుంచే, ఆ సినిమాకు సుమారు నూట యాభై ఏళ్ళ ముందు, ఇంకో ‘యూనిట్’ బయలుదేరింది. విమానం లేదు, రైలు లేదు. మన దేశంలో ప్రయాణికుల రైలు నడిచిందే 1853లో! అయినా ఆ యూనిట్ పరదేశం చూసింది. ఆ పరదేశం ఎక్కడో కాదు, మన కృష్ణకు ఆవలి ఒడ్డునే!

యూనిట్ బయలుదేరింది

ఆ యూనిట్‌కు హీరో, ప్రొడ్యూసర్, ప్రొడక్షన్ మేనేజర్ అన్నీ ఒక్కరే: ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న కాశీకి బయలుదేరారు. వెంట ఇంటివాళ్ళు, నౌకర్లు, పల్లకీలు మోసే బోయీలు కలిపి సుమారు వందమంది! వందమందికి పూటపూటా తిండి పెట్టడం ఎంత పనో ఏ ప్రొడక్షన్ మేనేజర్‌నైనా అడగండి, చెబుతాడు. పైగా ఇది పదిరోజుల షెడ్యూలు కాదు. 1831 సెప్టెంబర్ 3న గానీ వాళ్ళు తిరిగి మద్రాసు చేరలేదు. అంటే పదిహేను నెలల పైచిలుకు!

తిరుపతి, కడప, అహోబిలం చూసుకుని శ్రీశైలం చేరారు. అన్నట్టు, శ్రీశైలానికి పడమటి ద్వారం మన అలంపురమే. ఈ యాత్రీకులు మాత్రం దక్షిణం నుంచి వచ్చారు.

అక్కడే మొదటి చిక్కు. కడప దాకా కుంపిణీవాళ్ళ రాజ్యం. కర్నూలు అప్పుడు కందనూరు, దానికో నవాబు ఉండేవాడు. 1839లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయేదాకా ఆ ప్రాంతం ఆయనదే. మల్లన్న దర్శనానికి వెళ్ళే భక్తుల దగ్గర నవాబు మనుషులు పన్ను పుచ్చుకునేవారు. పుచ్చుకున్న డబ్బులోంచి గుడికి ఖర్చు పెట్టేదేమీ లేదని వీరాస్వామయ్యగారు విసుక్కున్నారు. టిక్కెట్టు కొని, విరిగిన కుర్చీలో కూర్చుని సినిమా చూసినవాళ్ళకు ఆ బాధ అర్థమవుతుంది!

కృష్ణ దాటాక

శ్రీశైలం కొండ దిగి, ఆత్మకూరు వైపు నుంచి కృష్ణ దాటారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతపు రేవుల్లో పుట్టే గతి. పుట్టి అంటే వెదురుబుట్టకు తోలు కప్పిన గుండ్రటి తెప్ప. ఎక్కితే బొంగరంలా తిరుగుతుంది. ఒక్కసారికి కొద్దిమందే. వందమంది, సామాను, పల్లకీలు దాటాలంటే ఎన్ని విడతలో మీరే లెక్కేసుకోండి!

ఒడ్డెక్కితే నిజాం రాజ్యం. అప్పటి నిజాం నాసిరుద్దౌలా, పగ్గాలు మాత్రం చందూలాల్ చేతిలో. ఇవాళ నాగర్‌కర్నూలు, వనపర్తి జిల్లాలుగా ఉన్న ఈ నేలమీద అప్పుడు సంస్థానాలు, జమీందారీలు. జమీందారులు ఒకరితో ఒకరు తగవులు పడి ఊళ్ళు కొల్లగొట్టుకునేవారని వీరాస్వామయ్యగారు రాసుకున్నారు. దారిలో సుంకాల బెడద సరేసరి. డబ్బు సంగతి ఇంకా తమాషా. కుంపిణీ ఒకే రకం రూపాయి తెచ్చింది 1835లో. అప్పటిదాకా ఊరికో నాణెం. మద్రాసులో చెల్లిన రూపాయిని ఇక్కడ మార్చాలంటే వట్టం పోగొట్టుకోవాల్సిందే. ఇప్పుడు సింగపూర్ విమానాశ్రయంలో డాలర్లు మార్చుకునేవాడి మొహం చూడండి, అదే మొహం!

చూశారా మరి? ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా మాట తెలుగే, అన్నం జొన్నన్నమే. అయినా రాజు మారాడు, రూపాయి మారింది, దారి భయం మారింది. పరదేశం అంటే ఇంతకన్నా ఏముంది?

పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరారు. అక్కడి నుంచి నిర్మల్, నాగపూర్, జబ్బల్పూర్ మీదుగా ప్రయాగ. వానాకాలంలో నల్లరేగడి దారి అంటే తెలుసుగా, అడుగు దిగితే చెప్పు రాదు! ఆ కష్టం ప్రయాగలో తీరింది. అక్కడి నుంచి కాశీకి గంగమీద పడవల్లో హాయిగా వెళ్ళారు. కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని, సముద్రం పక్క దారిన ఇల్లు చేరారు.

అసలు గొప్ప ఎక్కడుంది?

ఇవాళ గ్రూప్ టూర్ వెళ్ళొచ్చినవాళ్ళు ఏం చెబుతారు? బస్సులో కిటికీ సీటు ఎవరికిచ్చారు, ఇడ్లీ ఎందుకు లేదు, ఫలానావారు షాపింగ్ పేరుతో అందర్నీ గంట ఎలా నిలబెట్టారు! వీరాస్వామయ్యగారికీ విసుగులు లేకపోలేదు. కానీ విసుక్కుని ఊరుకోలేదు. మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయారు: ఈ ఊళ్ళో మంచినీళ్ళు ఉన్నాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్ళా ఇసకా? రాసింది గ్రాంథికంలో కాదు, చాలావరకు మాట్లాడుకునే తెలుగులోనే. ఎందుకని? వెనక వచ్చేవాడు తనలా తడుముకోకూడదని. ఆ రాతల్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపేవారు. 1836లో వీరాస్వామయ్యగారు పోయారు. 1838లో పిళ్ళైగారు వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఒక్క మాట మాత్రం మనసులో గుచ్చుకుంటుంది. వీరాస్వామయ్యగారు పల్లకీలో వెళ్ళారు సరే, మరి నడిచిందెవరు? బోయీలు! నల్లమల ఎక్కిందీ, రేగడిలో దిగబడిందీ వాళ్ళ కాళ్ళు. ఆ పల్లకీ కదలకపోతే పుస్తకమూ లేదు, కాశీ లేదు. అయ్యగారి పేరు మనకు తెలుసు, అచ్చువేసిన పిళ్ళైగారి పేరూ తెలుసు. ఆ కాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?

సినిమా అయిపోగానే పేర్లు పడుతున్నప్పుడు మనం లేచి బయటికి పరుగెడతాం. లైట్‌బాయ్ ఎవరో, వంటవాడు ఎవరో చదివేదెవరు! ఈసారి మీరు గుంపుగా సింగపూరే వెళ్ళండి, శ్రీశైలమే వెళ్ళండి. వచ్చాక ఫోటోలు పదిమందికీ చూపించేటప్పుడు బండి నడిపినాయన పేరు, వండిపెట్టినామె పేరు కూడా చెప్పండి. చెప్పాలంటే ముందు అడిగి తెలుసుకోవాలిగా! అడుగుతారు కదూ?