ఉర్లగడ్డకి నీళ్లెంత, యూరియా ఎంత? చేను పచ్చగా ఉంటే గడ్డ ఊరినట్టేనా?

ఈ ఎపిసోడ్‌లో ఉర్లగడ్డ గురించి మాట్లాడుకుందాం. పుస్తకాల్లో బంగాళదుంప అంటారు, హైదరాబాద్ వైపు ఆలుగడ్డ అంటారు, మనకి మాత్రం ఉర్లగడ్డే.

ఐరాల చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది చెరకు, మామిడి, చెనక్కాయ. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు, వి.కోట వైపు ఉర్లగడ్డ పండిస్తారు. ఎందుకంటే చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే, పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉంది. ఉర్లగడ్డకి రాత్రి చల్లగా ఉండాలి. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటేకొద్దీ గడ్డ కట్టడం తగ్గిపోతుంది. కాబట్టి కింద మన వైపు ఎవరన్నా పెట్టి చూడాలంటే చలికాలం పంటగానే చూడాలి.

సరే, వాతావరణం మన చేతిలో లేదు. మన చేతిలో ఉండేవి రెండు: నీళ్లు, నత్రజని. ఎకరాకు విత్తన గడ్డలే 8 నుంచి 10 క్వింటాళ్లు పడతాయి. అంత డబ్బు మట్టిలో పెట్టినాక ఈ రెండు లెక్కలు తప్పితే తట్టుకోవడం కష్టం.

మొక్క లోపల ఏం జరుగుతుంది?

ముందు ఒక మాట. ఉర్లగడ్డ వేరు కాదు, కాండం. మట్టి లోపల మొక్క మొదట్లో నుంచి సన్నటి కొమ్మలు పక్కలకు పాకుతాయి. వాటి కొసలు ఉబ్బితే అవే గడ్డలు. గడ్డ మీద కళ్లు ఉండేది అందుకే.

ఆకు ఎండలో చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరతో మొక్క కొత్త ఆకులైనా వేయాలి, గడ్డనైనా ఊరించాలి. నత్రజని ఆకుని పెంచుతుంది. మొదట్లోనే యూరియా కుమ్మరిస్తే మొక్క ఆకులేస్తూనే ఉంటుంది, గడ్డ కట్టడం ఆలస్యమవుతుంది. చేను చూడటానికి నల్లపచ్చగా బ్రహ్మాండంగా ఉంటుంది, తవ్వితే గోలీలంత గడ్డలు! పైగా గుబురు చేలో తేమ నిలిచి ఆకుమాడు తెగులు తొందరగా పాకుతుంది.

అట్లని నత్రజని తక్కువైతే? కింది ఆకులు పసుపెక్కి, చేను ముందే ఎండిపోతుంది. గడ్డ ఊరకముందే ఆకు పని ఆగిపోతుంది.

బస్తా లెక్క

మన దేశంలో సిఫార్సులు ప్రాంతాన్ని, నేలని బట్టి ఎకరాకు దాదాపు 50 నుంచి 70 కిలోల నత్రజని దగ్గర ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 21 కిలోలు. 50 కిలోల డీఏపీ బస్తాలో ఇంకో 9 కిలోలు. చాలామంది డీఏపీలో ఉండే నత్రజనిని లెక్కలోకే తీసుకోరు.

నీళ్ల లెక్క

ఉర్లగడ్డ వేర్లు ఎక్కువగా పై అడుగు మట్టిలోనే ఉంటాయి. అందుకే కొంచెం ఆరినా మొక్కకి తెలిసిపోతుంది. పంట మొత్తానికి 500 నుంచి 700 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. 500 మిల్లీమీటర్లంటే ఎకరాకి 20 లక్షల లీటర్లు. చెరకు ఏడాదికి తాగేదాంతో పోలిస్తే ఇది తక్కువే. కానీ చెరకు నాలుగు రోజులు ఓర్చుకుంటుంది, ఉర్లగడ్డ ఓర్చుకోదు.

గడ్డ కట్టే సమయంలో, అంటే నాటిన నెల నుంచి నెలన్నర మధ్యలో, నీళ్లు తప్పితే గడ్డల సంఖ్యే తగ్గుతుంది. తోలు మీద గజ్జి తెగులు కూడా వస్తుంది. ఆ తర్వాత ఒకసారి బాగా ఎండబెట్టి ఒకసారి ముంచేస్తే గడ్డ పగులుతుంది, లేదంటే బుడిపెలు తేలుతుంది. నీళ్లు నిలబడితే కుళ్లుతుంది.

రెండూ కలిసే చోటే అసలు నష్టం

యూరియా మట్టిలో కొన్ని రోజుల్లో అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ మట్టికి అంటుకోదు, నీళ్లతోపాటే కదులుతుంది. ఇసుకపాలు ఎక్కువ ఉండే ఎర్రనేలలో యూరియా చల్లి కాలువ నిండా నీళ్లు వదిలితే, ఆ నైట్రేట్ అడుగు లోతు దాటి పోతుంది. అక్కడ ఉర్లగడ్డ వేరుకి అందదు. మనం కొన్న ఎరువు భూగర్భజలంలోకి, చివరికి మన బోర్లోకే వస్తుంది.

తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ఎక్కువైతే మరీ ముఖ్యంగా పసిపిల్లలకి ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. సరిగ్గా 45 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఎకరాకి 20 లక్షల లీటర్లు పారిస్తే, వాటితోనే 20 కిలోల నత్రజని చేలోకి పోతుంది. అంటే దాదాపు ఒక యూరియా బస్తా!

మరి ఏం చేయాలి?

నత్రజని ఒకేసారి వద్దు. సగం నాటేటప్పుడు, సగం నెల దగ్గర మట్టి ఎగదోసేటప్పుడు. డ్రిప్ ఉంటే కొంచెం కొంచెంగా చాలాసార్లు ఇవ్వొచ్చు. మట్టి ఎగదోయడం మాత్రం మానొద్దు. ఎండ తగిలిన గడ్డ పచ్చబడి చేదెక్కుతుంది, అది తినకూడదు.

నీళ్లు తక్కువ తక్కువగా, తరచుగా ఇవ్వాలి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టకుండా రాలిపోతే తడి కావాలని అర్థం.

గడ్డ ఊరేటప్పుడు ఆలస్యంగా యూరియా వేయొద్దు. తోలు ముదరదు, గడ్డలో సారం తగ్గుతుంది, నిల్వ ఉండదు. ఇది మన ఊళ్లలో కొత్త సంగతేం కాదు. చెరకుకి ఆలస్యంగా యూరియా వేస్తే బెల్లం సరిగ్గా రాదని మీ నాయన్నో తాతనో అడిగితే చెప్తారు. తవ్వే ముందు పది రోజులు నీళ్లు కూడా ఆపితే తోలు గట్టిపడుతుంది.

ఈసారి రైతు సేవా కేంద్రంలో మట్టి పరీక్ష గురించి అడిగేటప్పుడు, బోరు నీళ్ల పరీక్ష ఎక్కడ చేస్తారో కూడా అడగండి. ఆ నైట్రేట్ అంకె చేతికొచ్చినాకే ఎన్ని బస్తాలు కొనాలో లెక్కేసుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.