కిటికీకి ఆవల ప్రపంచము

ఇరాకుపై రానున్న యుద్ధము వలదని 2003 ఫిబ్రవరి 15వ తేదీన లక్షల కొలది జనులు లండను వీధులలో నడచిరి. ఆ శనివారము ఇంకను తెల్లవారకముందే, హెన్రీ పెరౌన్ అను మెదడు శస్త్రవైద్యుడు మేల్కాంచి పడకగది కిటికీ కడ నిలువగా, మండుచున్న విమానమొకటి ఆకాశమున సాగిపోవుట ఆతని కంటబడును. ఇయన్ మెక్యూయన్ 2005లో వెలువరించిన ‘సాటర్డే’ నవల ఇట్లు మొదలగును. న్యూయార్కు జంటసౌధములు కూలుట చూచిన కన్నులు గనుక, ఆ మంట వెనుక ఏ విద్రోహమున్నదోయని మనసు తల్లడిల్లును. తీరా అది ఇంజనుకు నిప్పంటుకొనిన సరకు విమానమని, క్షేమముగానే దిగినదని తేలును. విమానము దిగినను, దానితో వచ్చిన భయము మాత్రము ఆ యింట దిగబడిపోయినది.

ఆ దినమున పెరౌనుకు ఎన్ని పనులు! మిత్రునితో స్క్వాష్ ఆడవలెను, జ్ఞాపకశక్తి నశించిన తల్లిని చూచి రావలెను, పారిస్ నుండి వచ్చు కుమార్తెకై చేపల పులుసు వండవలెను. ఊరేగింపు నిమిత్తము మూసిన వీధిని దాటుటకు పోలీసు ఒకడు దయతో అనుమతింపగా, అచ్చటనే ఆతని కారు బాక్స్టరు అనువాని కారును ఒరసికొనును. ఆ తగవే రాత్రికి కత్తి చేతబట్టి కుటుంబము నడుమకు వచ్చును. యుద్ధమును గూర్చి పాత్రలు వాదించుకొనిన పుటలకన్న, మూసిన ఆ వీధి యొక్కటే నాకు ఎక్కువ చెప్పినది.

కత్తి దూసినవాడు మాథ్యూ ఆర్నాల్డు కవితను విని మెత్తబడుట నాకు నమ్మశక్యముగా తోచలేదు. అయినను, తన యింటివారిని వణికించిన ఆ బాక్స్టరు పగిలిన తలకు శస్త్రచికిత్స చేయుటకై వైద్యుడు ఆ రాత్రియే ఆసుపత్రికి బయలుదేరు ఘట్టమున నా హృదయము ఆర్ద్రమైనది. లోకముపై ఆతనికి అధికారము లేదు; బల్లపై పరుండిన ఒక్క దేహముపై కలదు.

అదే రచయిత 2022లో ప్రకటించిన ‘లెసన్స్’ మరింత లోతైనది. 1986లో చెర్నోబిల్ అణుధూళి యూరోపుపై వ్యాపించుచుండగా, భార్య విడిచిపోయిన రోలండ్ బెయిన్స్, నెలల పసివానితో ఒంటరియై, లండనులోని తన యింటి కిటికీలను మూసి సందులు పూడ్చుకొనును. భార్య వెడలినది నవలలు వ్రాయుటకు. తరువాత ఆమె మహారచయిత్రియే యగును. అంతకుముందు 1962 అక్టోబరులో, క్యూబా క్షిపణుల వివాదము లోకమును ప్రళయపు టంచున నిలిపిన దినములలో, పదునాలుగేండ్ల బాలుడైన రోలండ్ రేపన్నది లేదేమోయన్న భీతితో సైకిలెక్కి పియానో ఉపాధ్యాయిని యింటికి పోవును. ఆమె వానిపట్ల చేసినది నేరము. ఓడలు మరలినవి, పదుమూడు దినములకు దేశాధినేతలు ఊపిరి పీల్చుకొనిరి. ఆ పిల్లవానికి కలిగిన గాయము మాత్రము వార్ధక్యము వరకును మానలేదు. చరిత్ర తప్పిపోయినదని వ్రాసికొనిన ప్రళయము ఒక్కని జీవితమున నిజముగనే సంభవించినది. ఇట్టి లెక్కను చరిత్రకారుడు వేయజాలడు, నవలాకారుడే వేయవలెను.

2016 జూనులో బ్రిటను ఐరోపా సమాఖ్యను వీడ నిర్ణయింపగా, అదే సంవత్సరమున ఆలీ స్మిత్ ‘ఆటమ్’ నవలను ప్రచురించినది. అందు ఎలిజబెత్ అను యువతి పాస్‌పోర్టు దరఖాస్తుతో తపాలా కార్యాలయమున పడిగాపులు పడును. నూటొక్క యేండ్ల వృద్ధమిత్రుని శయ్య చెంత కూర్చుండి పుస్తకము చదువును.

సమంతా హార్వేకు 2024లో బుకర్ బహుమానము తెచ్చిన ‘ఆర్బిటల్’లో కిటికీయే భూమిని వీడి అంతరిక్షమున కేగినది. ఒక్క దినమున పదునారు పర్యాయములు భూమిని చుట్టుచున్న అంతరిక్ష కేంద్రములోని ఆరుగురు వ్యోమగాములు, ఒక మహాతుపాను ఫిలిప్పీను ద్వీపముల వైపు కదలుచుండుట చూచుచుందురు. అందొకనికి అచ్చటి జాలరి కుటుంబము పరిచితము. చియే అను జపాను వ్యోమగామికి తల్లి మరణించినదని వార్త వచ్చును. అంత్యక్రియలకు ఆమె పోజాలదు. తల్లి యున్న తీరము ఎప్పుడో యొక చుట్టులో క్రిందుగా వచ్చి, చూచుచుండగనే వెనుకబడిపోవును.