ఆ గీత ఎందుకు వంగిందో ఎవరికి తెలుసు?

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది పని ఇలాగే ఉంటుంది: సైటు ఇక్కడ, డ్రాయింగులు గీసే ఆఫీసు హైదరాబాద్‌లో. మా ఉమ్ అల్ క్వైన్‌కీ అక్కడికీ తేడా గంటన్నరే. 2022కి ముందు మావారి ఆఫీసుకి శుక్ర, శనివారాలు సెలవు, వాళ్లకి శని, ఆదివారాలు. రెండు చోట్లా కలిసి పనిచేసే రోజులు వారానికి నాలుగే. ఇప్పుడు ఇక్కడా శని, ఆదివారాలే సెలవు. అయినా తిప్పలు తీరలేదు.

మావారి సైట్లో ఒక ఇంజనీరు ఉద్యోగం మారాడు. డ్రాయింగులో మురుగు పైపు గీతను ఒకచోట పక్కకి వంచింది అతనే. ఎందుకు వంచాడో వాట్సాప్‌లో ఎవరికో చెప్పాడట. హైదరాబాద్‌లో కొత్తగా చేరినవాళ్లు ఆ వంపు పొరపాటనుకుని గీత సరిచేశారు. కింద కరెంటు కేబుల్ ఉంది! తవ్వుతుంటే కేబుల్ మీద పరిచే హెచ్చరిక టేపు ముందు కనబడింది కాబట్టి పార పట్టుకున్న మనిషి బతికాడు.

డ్రాయింగు మీద ఏం మారిందో ఉంది, ఎందుకు మారిందో లేదు. నేను చదివింది బీఎస్సీ. ల్యాబ్ రికార్డులో జవాబొక్కటే రాస్తే మా మేడమ్ సంతకం పెట్టేవారు కాదు.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా చూడండి. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు వేర్వేరు దేశాల నుంచి రాస్తారు. ప్రతి పేజీకీ 'చరిత్ర' ఉంటుంది: ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో అందులో తెలుస్తుంది. వాదన 'చర్చ' పేజీలో, అందరికీ సంబంధించినదైతే 'రచ్చబండ'లో. మార్పు చేసినప్పుడు కారణం రాయడానికి 'దిద్దుబాటు సారాంశం' అని ఒక గడి. మనిషి వెళ్లిపోయినా కారణం పేజీని అంటిపెట్టుకునే ఉంటుంది.

అలాగని రాతతోనే అన్నీ కావు. వికీపీడియన్లు కూడా 2014లో పదేళ్ల పండగకి విజయవాడలో కలుసుకున్నారు. మట్టి ఎక్కడ మెత్తగా ఉందో సైటువాడు ఫోన్లో చెబితేనే బాగా అర్థమవుతుంది. వాట్సాప్ మానేయమనీ నేను అనను. అక్కడ తేలిన మాటను ఆ రోజే డ్రాయింగు పక్కన రాయాలంతే.

ఇప్పుడు మావారి టీమ్ డ్రాయింగు మీద మార్పుల పట్టీకి 'ఎందుకు' అనే గడి చేర్చింది. మొదటి వారం అందులో ఎక్కువగా కనబడిన జవాబు 'సైటు వాళ్లు చెప్పారు'. నా దృష్టిలో అది ఖాళీ గడితో సమానం. సైట్లో ఎవరు, ఏ రోజు, ఏం చూసి చెప్పారు?