అల్యూమినియం మానిఫోల్డ్‌లో మడ్డి: కాస్టిక్ సోడా జోలికి పోవద్దు

డీజిల్ బండి నడిపి ఇల్లు గడుపుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్లూ తక్కువేం లేవు. ఈ రెండు ఇళ్లకూ పనికొచ్చే సంగతి ఇది.

బండి ఎత్తు ఎక్కడం లేదు. పికప్ పడిపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ, మైలేజీ తగ్గింది, మీటరు దగ్గర ఇంజిన్ లైటు వెలిగింది. షెడ్డుకు తీసుకెళితే ఉస్తాద్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చూపిస్తాడు. లోపల రోడ్డుకు వేసే తారులాంటి నల్లటి మడ్డి. గాలి పోవాల్సిన దారి సగం దాకా మూసుకుపోయి ఉంటుంది.

అప్పుడు పక్కనుంచి ఎవరో ఒకరు అంటారు: "కాస్టిక్‌లో పడెయ్ భాయ్, సాయంత్రానికి కొత్తదానిలా వస్తుంది." అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఒక షెడ్డులో ఇలాగే చేశారు. డ్రమ్ములో వేడి నీళ్లు పోసి, కాస్టిక్ సోడా కలిపి, మానిఫోల్డ్ ముంచి భోజనానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి డ్రమ్ము అన్నం కుండలా ఉడుకుతోంది. తీసి చూస్తే మడ్డి పోయింది, దాంతోపాటు లోహమూ పోయింది. ప్యాకింగ్ కూర్చునే అంచంతా గుంతలు పడింది. దాన్ని పైకి తీసిన కుర్రాడి ముంజేతి మీద చుక్కలు పడి చర్మం కాలింది. వేరే మానిఫోల్డ్ దొరికేదాకా బండి ఆగింది, బండితో పాటు ఒక ఇంటి రోజువారీ సంపాదనా ఆగింది.

మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్‌టేక్ అంటే గాలి లోపలికి వెళ్లే దారి. శుభ్రమైన గాలి పోయే చోట మసి ఎందుకు చేరుతుందని అడగొచ్చు. రెండు దారుల్లో చేరుతుంది.

ఒకటి ఈజీఆర్ వాల్వు. సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని ఇది మళ్లీ ఇంజిన్‌లోకి పంపిస్తుంది. దీనివల్ల మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే విషవాయువులు తక్కువగా పుడతాయి. ఊరి గాలికి ఇది మంచిదే. కానీ ఆ పొగతో పాటు మసి కూడా లోపలికి వస్తుంది.

రెండోది ఇంజిన్ ఊపిరి గొట్టం. ఇంజిన్ అడుగున లేచే ఆయిలు ఆవిరి ఈ గొట్టం గుండా మళ్లీ ఇన్‌టేక్‌కే చేరుతుంది. టర్బో ఆయిలు సీలు అరిగితే ఆ ఆయిలూ తోడవుతుంది.

పొడి మసి ఒక్కటే అయితే చాలావరకు గాలికి కొట్టుకుపోయేది. ఆయిలు తడి తగలగానే అది గోడలకు అతుక్కుంటుంది. వేడికి ఎండి, మీద మళ్లీ పొర, మళ్లీ పొర. ట్రాఫిక్‌లో గంటలకొద్దీ స్టార్ట్‌లో ఉండే బండ్లలో, రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండ్లలో ఇది త్వరగా పేరుకుంటుంది.

ఇనుముకు పనికొచ్చేది అల్యూమినియానికి పనికిరాదు

పాత ఇంజిన్లలో చాలా భాగాలు పోత ఇనుమువి. వాటిని కాస్టిక్ నీళ్లలో ఉడికించి కడగడం పాత అలవాటు. ఇనుముకు ఏమీ కాలేదు కాబట్టి ఆ అలవాటు నిలిచిపోయింది. ఇప్పుడు హెడ్డు, మానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ ఎక్కువగా అల్యూమినియంవే.

అల్యూమినియం మీద కంటికి కనిపించని సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. గాలికీ నీళ్లకూ అది తట్టుకోవడం ఆ పొర వల్లే. కాస్టిక్ సోడా ముందు ఆ పొరను కరిగిస్తుంది, తర్వాత లోహాన్నే తినడం మొదలుపెడుతుంది. అప్పుడు హైడ్రోజన్ వాయువు బుడగలుగా లేస్తుంది, దానికి నిప్పు తగిలితే అంటుకుంటుంది. వేడి కూడా పుడుతుంది, వేడి పెరిగేకొద్దీ తినే వేగం పెరుగుతుంది. డ్రమ్ము ఉడికింది అందుకే.

ఇంట్లో ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. అల్యూమినియం డేగ్చాను సోడాతో తోమితే నల్లబడుతుందని వాళ్లకు తెలుసు. మానిఫోల్డ్ విషయంలోనూ అంతే. పోత అల్యూమినియంలో సిలికాన్, కొన్నిసార్లు రాగి కలుస్తాయి. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేశాక అవి నల్లటి పొడిలా పైన మిగులుతాయి. అది చూసి "ఇంకా మసి పోలేదు" అనుకుని మళ్లీ ముంచేవాళ్లు ఉన్నారు. అది మసి కాదు, భాగం కరిగిపోతోందనడానికి గుర్తు.

బాత్‌రూమ్ యాసిడ్ కూడా ఇంతే. ఓవెన్ క్లీనర్లలో చాలావాటిలో కాస్టిక్ ఉంటుంది కాబట్టి అవీ వద్దు. బట్టల సోడా అంత ఘాటు కాకపోయినా, రాత్రంతా నానబెడితే అల్యూమినియాన్ని నల్లబరుస్తుంది.

భాగం ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా, వెండి రంగులో ఉండి, తడితే లోహం చప్పుడు వస్తే అల్యూమినియం. కొన్ని బండ్లలో మానిఫోల్డ్ నైలాన్ ప్లాస్టిక్‌ది ఉంటుంది. దానికి ఘాటైన ద్రావకాలు ప్రమాదమే.

కడిగే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఏ గొట్టం ఎక్కడ, ఏ వైరు ఎక్కడ అన్నది ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. కొన్ని బండ్లలో మానిఫోల్డ్ గుండా, లేదా ఈజీఆర్ కూలర్ గుండా కూలెంట్ పోతుంది. అలాంటి చోట ముందు దాన్ని దింపాలి.

మానిఫోల్డ్ తీయగానే హెడ్డు మీద తెరుచుకున్న రంధ్రాల్లో శుభ్రమైన, పోగులు ఊడని గుడ్డలు కుక్కండి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి. ఒక నట్టు, గట్టిపడిన ఒక మసి పెళ్ల సిలిండర్‌లో పడితే, మానిఫోల్డ్ కడగబోయి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది.

తర్వాత మానిఫోల్డ్ మీదున్న సెన్సార్లు, మోటార్లు, రబ్బరు సీళ్లు అన్నీ తీసేయాలి. వీటిని నానబెట్టకూడదు. సెన్సార్లను వాటికి తగిన స్ప్రేతో మాత్రమే, ముట్టుకోకుండా శుభ్రం చేయాలి.

ఇక అసలు పని. ముందు పొడిగా గీకండి. చెక్క ముక్క, గట్టి ప్లాస్టిక్ ముక్క చాలు. పుట్టి బ్లేడు, స్క్రూడ్రైవర్ వాడితే గీతలు పడతాయి. ప్యాకింగ్ కూర్చునే ముఖం మీద గీత పడితే అక్కడి నుంచి గాలి లీకవుతుంది. మడ్డిలో ఎక్కువ భాగం గీకితేనే పోతుంది. ఎంత గీకితే అంత ద్రావకం మిగులుతుంది.

తర్వాత మూత ఉన్న డబ్బాలో కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిల్ వాడొచ్చు. అల్యూమినియానికి వీటివల్ల హాని లేదు. ఉదయానికి ఆయిలు జిగట కరిగి, మసి మెత్తబడుతుంది. సన్నటి, పొడవాటి నైలాన్ బ్రష్షుతో ప్రతి గొట్టం లోపల తోమండి. మొదటిసారి అంతా పోదు, మళ్లీ నానబెట్టండి. ఈ పనిలో ఖర్చయ్యేది ఓపికే.

చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ సోపు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలవండి. కంప్రెసర్ గాలితో మూలమూలా ఊది, ఎండలో ఆరబెట్టండి. గాలి ఊదేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. తెల్ల గుడ్డ లోపలికి పెట్టి తుడిస్తే పెళ్లలు రాకూడదు, తడి తగలకూడదు. లోహం మీద కొంచెం నల్ల మచ్చ మిగిలితే ఫర్వాలేదు. అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు, గాలి దారి తెరుచుకుంటే చాలు.

ఈ పనులు మాత్రం వద్దు

మంటతో కాల్చొద్దు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోతలో కలిపిన మిశ్రమాలు ఇంకా ముందే కరగడం మొదలుపెడతాయి. పైగా ఇనుములా ఎర్రబడి మనల్ని హెచ్చరించదు. కరగకపోయినా వంకర పోతుంది.

సాండ్ పేపరు, గ్రైండర్ డిస్కుతో ముఖం రుద్దొద్దు. ఆ గరుకు పొడి గట్టిది. లోపల చిక్కుకుని ఇంజిన్‌లోకి వెళితే సిలిండర్‌ను, బేరింగులను అరగదీస్తుంది. ముఖం వంకరగా ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ చేయించండి.

పెట్రోలుతో కడగొద్దు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా మండే ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతూ దూరంగా ఉన్న వెల్డింగ్ నిప్పు దాకా పోతుంది. కిరోసిన్ నయం. అయితే దాని ఆవిరికి కూడా 35-40 డిగ్రీల వేడి దాటితే అంటుకునే గుణం వస్తుంది. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఈ పని తెల్లవారుజామున, గాలి ఆడే చోట పెట్టుకోండి.

స్టార్ట్‌లో ఉన్న డీజిల్ ఇంజిన్ గొట్టంలోకి ద్రావకం పోయొద్దు. ఎక్కువ ద్రవం ఒకేసారి సిలిండర్‌లోకి వెళితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మండే ద్రావకమైతే తాళం తీసినా ఇంజిన్ ఆగకుండా రేసు అవుతుంది.

బిగించేటప్పుడు

పాత ప్యాకింగ్ మళ్లీ వాడొద్దు. కుక్కిన గుడ్డలు లెక్క చూసి తీయండి. బోల్టులు చేత్తో తిప్పి పట్టించాక, మధ్య నుంచి అంచులకు కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో బిగించండి. అల్యూమినియం హెడ్డులో మరలు త్వరగా చెడతాయి, బలం చూపించే చోటు కాదు అది. ఎంత టార్కో ఆ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

మడ్డికి మూలం చూడకపోతే ఈ కష్టమంతా కొన్నాళ్లకే. ఈజీఆర్ వాల్వు కదులుతోందా, ఊపిరి గొట్టం మూసుకుందా, టర్బో ఆయిలు వదులుతోందా చూడాలి. కంపెనీ చెప్పిన ఆయిలు, చెప్పిన సమయానికి మార్చాలి. వారానికి ఒకసారైనా బండిని హైవే మీద అరగంట నడపాలి. ఈజీఆర్‌ను రేకు పెట్టి మూసేయమనే సలహా వినకండి. మన బండి మసి మిగులుతుందేమో గానీ, ఆ విషవాయువులు మన బస్తీ పిల్లలే పీలుస్తారు.

చేతులు, కళ్లు

ఈ మసిని మామూలు మురికి అనుకోవద్దు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, గీకేటప్పుడు మాస్కు ఉండాలి. కాస్టిక్ గానీ యాసిడ్ గానీ కంట్లో పడితే రుద్దకుండా, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

జుహర్ అజాన్ వినబడగానే పెట్రోలులో ముంచిన గుడ్డతో చేతులు తుడుచుకుని వుజూకు పరుగెత్తే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాం. నీళ్లు చర్మానికి తగలాలంటే గ్రీజు పోవాలి, నిజమే. కానీ పెట్రోలులో ఉండే బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారణమయ్యేది, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. దాని బదులు చెంచాడు వంటనూనె, చిటికెడు చక్కెర వేసి రెండు నిమిషాలు రుద్ది, గిన్నెల సోపుతో కడిగితే గ్రీజు దిగుతుంది. ఒక సీసా నూనె షెడ్డులో ఉంచడం ఉస్తాద్‌కు పెద్ద ఖర్చు కాదు. 14 ఏళ్ల లోపు పిల్లలైతే అసలు షెడ్డు పనిలో ఉండనే కూడదు, అది చట్టం.

మిగిలిన నల్ల కిరోసిన్‌ను మోరీలో పారబోయకండి. డబ్బాలో నిలవ చేసి, పాత ఇంజిన్ ఆయిలుతో పాటు అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వండి.

గిరాకీ బండి షెడ్డులో ఉన్నంతసేపూ ఉస్తాద్ దగ్గర అమానతే. అది తెలిసిన ఉస్తాద్ "రేపు సాయంత్రం ఇస్తా" అంటే తొందరపెట్టకండి. "గంటలో అయిపోతుంది" అన్నప్పుడు మాత్రం ఒక్క మాట అడగండి: "దేంతో కడుగుతున్నారు భాయ్?"