ప్రశ్నల ఆట – పిల్లల చదువు

మహాభారతం అరణ్యపర్వంలోని యక్షప్రశ్నల ఘట్టాన్ని మనం పురాణ కాలక్షేపాలలో అనేక పర్యాయాలు విన్నాం. దాహంతో సరస్సు చేరిన నకుల సహదేవులు, అర్జునుడు, భీముడు అదృశ్యవాణి మాట లక్ష్యపెట్టక నీరు త్రాగి నేలకొరిగారు. ధర్మరాజు కూడా దప్పిగొన్నవాడే. అయినప్పటికీ ఆగి, ప్రతి ప్రశ్ననూ సాంతం ఆలకించి బదులు చెప్పాడు, తమ్ములను బ్రతికించుకున్నాడు.

ఉద్యోగ విరమణ తరువాత నేను జలంత్రకోటలో, ఆలయ మండపంలో సాయంవేళ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. “బడిలో ఇంటిపని ఫోనులో ఆటగా ఇస్తున్నారు. అది చదువేనా మాస్టారూ?” అని ఈ మధ్య తల్లిదండ్రులు తరచుగా అడుగుతున్నారు. నాకు తెలిసినదీ, నేను పొరబడి నేర్చుకున్నదీ ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఈ ఆటలలో ప్రసిద్ధమైనది కహూట్. నార్వే దేశంలో రూపొంది 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెరమీద ప్రశ్న, దాని క్రింద కొన్ని జవాబులు కనిపిస్తాయి. గడువులోగా సరైన దానిని తాకాలి. ఎంత త్వరగా తాకితే అన్ని ఎక్కువ పాయింట్లు. రెండవది క్విజిజ్. ఇది 2015లో మన బెంగళూరులో పుట్టింది. ఇప్పుడు దాని పేరు వేగ్రౌండ్. ఇందులో ఎవరి ప్రశ్నలు వారికి విడిగా వస్తాయి కనుక ఇంటిపనికి అనువైనది. మూడవది ప్లికర్స్. దీనికి పిల్లల వద్ద ఫోను అవసరం లేదు. ఒక్కొక్కరికి ఒక అచ్చు కాగితం ఇస్తారు. తమ జవాబుకు తగినట్లు దానిని త్రిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయుని ఫోను కెమెరా తరగతి అంతటి జవాబులనూ గ్రహిస్తుంది. ప్రక్కవాని జవాబు మరొకరికి తెలియదు.

ఆట సంగతి అటుంచి, ప్రశ్న అడిగితే చదువు ఎందుకు నిలుస్తుంది? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి పుస్తకం మూసి గుర్తున్నది వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే మెరుగు: 81 శాతం, 75 శాతం. వారం తరువాత ఆ వరుస తారుమారయింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతమే మిగలగా, గుర్తు తెచ్చుకొని వ్రాసినవారికి 56 శాతం నిలిచింది.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పించడం, వేదపాఠశాలలో సంత చెప్పించడం, రాత్రి అరుగుమీద పొడుపుకథలు విప్పించడం, ఇవన్నీ లోపలి జ్ఞాపకాన్ని బయటికి తీయించే పద్ధతులే. ఫోను ఆట ఆ పనిని ఒకేసారి అందరిచేతా చేయిస్తుంది. ఎవరు ఎక్కడ తప్పారో వెంటనే చూపుతుంది. దాని మేలు అంతవరకు నిజం.

ఇక నా పొరపాటు. మండపంలో మొదటిసారి ఆట పెట్టినప్పుడు ప్రశ్నకు ఇరవై సెకన్ల గడువు ఇచ్చి, గెలిచినవారి మొదలు ఓడినవారి వరకు పేర్లు పలకమీద వ్రాశాను. పిల్లల కేరింతలకు పొంగిపోయాను. ఇంట ఒడియా మాట్లాడే ఒక బాలిక మూడు రోజులు వరుసగా చివరి స్థానంలో నిలిచింది. నాల్గవ రోజు రాలేదు. వారం గడిచాక వారి ఇంటికి వెళ్ళాను. “ప్రశ్న సదివేలోపే టైము అయిపోతంది మాస్టారూ” అన్నది, తల దించుకొని.

ఆనాటి ప్రశ్నలలో ఒకటి: జీడిచెట్టుకు నిజమైన కాయ ఏది? చురుకైనవారందరూ ఎర్రని పండును తాకి తప్పారు. అదే ప్రశ్న నోటితో అడిగాను. ఆ బాలిక తల్లి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. వాకిట ఉన్న పిక్కను తీసి, “ఇదే కాయ, విత్తు దీనిలోనే ఉంటాది. పండు దీని కాడ, ఉబ్బినాది” అన్నది. శాస్త్రం చెప్పేదీ అదే. తెలిసిన బిడ్డను తెలియనిదానిగా పలకమీద వ్రాసింది నేను. ఆట కొలిచినది తెలుగు చదివే వేగాన్ని. నేను దానిని తెలివి అనుకున్నాను.

మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర బిడ్డలకు చదువు చెప్పేందుకు తామే సవర భాష నేర్చి, ఆ భాషలో పుస్తకాలు రచించారు. వారి జయంతిని ఏటా ఆగస్టు 29న జరుపుకునే నాకు, ప్రశ్నను ఒకసారి ఒడియాలో చదివి వినిపించాలని తోచకపోవడం సిగ్గుచేటు.

అప్పటినుండి కొన్ని నియమాలు పాటిస్తున్నాను. ప్రశ్నను ముందుగా బిగ్గరగా, అవసరమైతే రెండు భాషలలో చదువుతాను. గడువు తీసివేస్తాను, లేదా బాగా పెంచుతాను. పేర్ల వరుస చూపను. ఎక్కువమంది తప్పిన ప్రశ్న వద్ద ఆట ఆపి, “ఎందుకు అలా అనుకున్నారు?” అని అడుగుతాను, ఆ సంభాషణలోనే అసలు పాఠం జరుగుతుంది. పది ప్రశ్నలకు మించను. అవే ప్రశ్నలను వారం తరువాత మరల అడుగుతాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన ఉద్దానంలో అనేక ఇళ్ళలో తండ్రి వలస పనికి వెళ్తాడు. ఇంట ఉండేది ఒక్కటే ఫోను. దానికోసం అప్పు చేయవద్దు. బిడ్డ పుస్తకం మూసి, మీరు తెరిచి, అయిదు ప్రశ్నలు అడగండి. చదువు రానివారు “ఈరోజు ఏం చెప్పారో నాకు చెప్పు” అన్నా చాలు. ఫోను ఉంటే ప్రక్కన కూర్చోండి. బిడ్డ చూడకుండా తాకుతూ పోతే ఆపించి, ప్రశ్న మరల చదివించండి.

ఆ బాలిక ఇప్పుడు మండపానికి వస్తున్నది. ఒడియా ప్రశ్నలు చదివి వినిపించే పని ఆమెదే.