మీ పిల్లలు వార్త రాస్తున్నారా?

కాలేజీ మ్యాగజైన్‌కి వార్త రాసుకురమ్మన్నారని మీ అమ్మాయి పెన్ను పట్టుకుని కూర్చుందా? మీరూ సాయం చేయొచ్చు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా... ఈ ఆరు ప్రశ్నలు వేయండి చాలు.

దూబగుంట సంగతే చూడండి. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు, కూలిడబ్బులు సారాకే పోతున్నాయని అందరూ ఏకమై సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఒక్క వాక్యంలో ఆరు జవాబులూ వచ్చేశాయి కదూ! ఆ కబురు పేపర్లకెక్కి ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. వార్తకున్న బలం అదీ!

ముఖ్యమైన సంగతి మొదట రాయాలి, వివరాలు తర్వాత. పేర్లూ అంకెలూ రెండోసారి సరిచూడాలి. "అనుకుంటున్నారు" అంటే కుదరదు, ఎవరన్నారో రాయాలి. రేషన్ డీలరు తూకం తగ్గిస్తున్నాడని ఎవరైనా చెబితే ఆ డీలర్నీ అడగాలి, అతని జవాబూ వేయాలి. ఒకసారి అచ్చులో పోయిన పరువు, దిద్దుబాటు వేసినా పూర్తిగా తిరిగి రాదు.

వడ్డించేముందు ఉప్పు చూస్తాం కదా! అలాగే ఇచ్చేముందు పైకి చదివించుకుని వినండి. మీకర్థం కానిది అడిగేయండి, మొహమాటపడకండి.